కషాయం, కాలం, కుమ్మరి గాడిద

కషాయం తాగాను, జలుబు పోయింది. పోగొట్టింది ఎవరు?

మా నాన్న సంస్కృత కళాశాలలో తర్కం చెప్పేవారు. తర్కసంగ్రహంలో 'కారణం' దగ్గరికి వచ్చేసరికి ఆయనకు హుషారొచ్చేది. కుండకు ముందు మట్టి ఉంది, కుమ్మరి ఉన్నాడు, సారె ఉంది, మట్టి మోసుకొచ్చిన గాడిదా ఉంది. ముందున్నంత మాత్రాన గాడిద కుండకు కారణమైపోదు. అది రాకపోతే మట్టి తట్టలో వచ్చేది, కుండ మాత్రం అయ్యేది. నేను ఎంబీబీఎస్‌కు నాన్‌జింగ్ వెళ్లి, సిలబస్‌లో ఉంది కాబట్టి చైనా సంప్రదాయ వైద్యం కూడా చదవాల్సి వస్తే, ఈ గాడిద క్లాసులో నా పక్కనే కూర్చుంది.

చలికాలంలో మా బ్యాచ్‌లో ఇద్దరికి ఒకేసారి పడిశం పట్టింది. ఒకడికి వణుకు, ఒళ్లునొప్పులు, చెమట చుక్క లేదు, ముక్కు నీళ్లలా కారుతోంది. రెండోవాడికి గొంతుమంట, దాహం, పచ్చటి కఫం. ఆ వైద్యం పాఠం చెప్పే మేడమ్ ఇద్దరి నాలుకలూ చూసి, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించారు. మొదటివాడిది గాలితో చేరిన చలి, వాడికి చెమట పట్టించే మందు. రెండోవాడిది గాలితో చేరిన వేడి, వాడికి హనీసకుల్ మొగ్గలు, ఫోర్సీథియా కాయలు. "ఇద్దరికీ వైరస్ ఒకటే అయితే?" అన్నాను. "అయ్యుండొచ్చు. మనుషులు ఇద్దరు కదా" అన్నారావిడ. ఆ జవాబు నాకు నచ్చింది. ఒప్పుకున్నానని కాదు.

ఈ వైద్యానికి పెద్దదిక్కు జాంగ్ జోంగ్‌జింగ్, హాన్ రాజ్యం కూలిపోతున్న కాలంవాడు. రెండు వందలకు పైగా మనుషులున్న తన వంశంలో, 196 తర్వాత పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండు వంతులు పోయారనీ, వాళ్లలో పదిమందికి ఏడుగురిని చలిజ్వరమే తీసుకుపోయిందనీ తన గ్రంథం ముందుమాటలో రాసుకున్నాడు. అంత దుఃఖంలోంచి వచ్చిన పుస్తకంలో మొదటి కషాయం చూడండి: దాల్చిన కొమ్మ, పియోనీ వేరు, అతిమధురం, అల్లం, పన్నెండు ఎండు రేగుపళ్లు. పియోనీ తప్ప మిగతావి మన పచారీ కొట్టులోనో మూలికల కొట్టులోనో దొరికేవే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ దినుసులు కాదు, తాగాక ఏం చెయ్యాలో ఆయన చెప్పిన తీరు. కాసేపాగి వేడివేడి పలచటి జావ తాగాలి. రెండు గంటలపాటు కప్పుకుని పడుకోవాలి. ఒళ్లు కాస్త చెమ్మగిల్లితే చాలు, చెమట ధారగా కారకూడదు. ఒక్క మోతాదుకే నయమైతే మిగిలింది తాగనక్కర్లేదు. మాంసం, మద్యం వద్దు. కాచిన కషాయం మిగిలిపోయినా ఆపెయ్యమనే వైద్యుడు నాకు అరుదుగానే కనబడ్డాడు.

ఇప్పుడు తర్కానికి వద్దాం. జలుబుకు కారణం గాలి అంటే, గాలి తగలని గదిలోనూ జలుబు వస్తోంది, గాలిలో తిరిగేవాళ్లలో చాలామందికి రావడం లేదు. కారణమైతే తప్పనిసరిగా ముందుండాలన్న షరతు దగ్గరే ఆ వాదం ఓడిపోయింది. నయమవడం సంగతీ అంతే. మామూలు జలుబు వారం పదిరోజుల్లో దానంతటదే పోతుంది. ఈ కషాయాల మీద జరిగిన పరీక్షలు చాలావరకు బలహీనమైనవి. కుమ్మరి కాలమేనని నా అనుమానం. నాన్నతో ఈ మాట అంటే, "మరి మీ పారాసిటమాల్?" అన్నారు. జ్వరాన్ని తగ్గిస్తుంది, జలుబు రోజుల్ని తగ్గించదు అని ఒప్పుకోక తప్పలేదు. అలాగని ఆ మూలికలన్నీ గాడిదలు కావు. చెమట పట్టని రోగికి జాంగ్ ఇచ్చిన ఎఫెడ్రా నుంచి నాగాయ్ నాగయోషి 1885లో ఎఫెడ్రిన్ వేరుచేశాడు. అది ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, రక్తపోటునూ పెంచుతుంది. ఎఫెడ్రా ఉన్న ఆహార పూరకాలను అమెరికా 2004లో నిషేధించింది.

ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు దానితోనే తగవు పెట్టుకున్న వూ యూషింగ్. మింగ్ పాలన చివరి రోజుల్లో మహమ్మారిని కళ్లారా చూసి, 1642లో రాశాడు: ఇది చలి కాదు, గాలి కాదు, వేడీ కాదు. కంటికి కనబడనిదేదో ముక్కు నుంచీ నోటి నుంచీ లోపలికి వస్తోంది. ఒక్కోదానికి ఒక్కో రోగం. ఆవుకు వచ్చినది గొర్రెకు రాదు, కోడికి వచ్చినది బాతుకు రాదు. ఒక్కో రోగానికి దానికే తగిన ఒక్క మందు దొరికితే చాలునని ఆశపడ్డాడు. కారణం ఎలా ఉండాలో ఇంత స్పష్టంగా ఊహించినవాడికి చేతిలో సూక్ష్మదర్శిని లేదు. శాస్త్రాన్ని గౌరవించడమంటే ఇలా దానితో పోట్లాడటమేనని నా అభిప్రాయం.

ఆయన ఆశ ఫ్లూ విషయంలో కొంత తీరింది. ఒసెల్టమివిర్ ఉంది, 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు. జలుబు తెచ్చే వైరస్‌లు మాత్రం రెండు వందలకు పైనే, వాటికి అలాంటి మందు లేదు. అందుకని నా క్లినిక్‌లో "యాంటీబయాటిక్ రాయండి డాక్టర్ గారూ" అనేవాళ్లకు చివరికి జాంగ్ మాటే చెబుతుంటాను, దాల్చిన కొమ్మ తప్ప: జావ తాగండి, కప్పుకుని పడుకోండి, మరీ చెమట పట్టించుకోకండి. గర్భిణికో, ఉబ్బసం ఉన్న పెద్దావిడకో ఫ్లూ అని అనుమానమొస్తే మాత్రం జావతో ఊరుకోను, మందు అప్పుడే రాసేస్తాను.