బబులోనులో మొదటి సంవత్సరము

ధ్యాన భాగములు: ఆదికాండము 13:5–13; దానియేలు 1:1–21



ఇంటరు పరీక్షా ఫలితములు వచ్చిన తరువాత మన ఇండ్లలో ఒకే మాట నడచుచుండును. పిల్లవానిని ఏ కాలేజిలో చేర్చవలెను? అమ్మాయిని ఎంత దూరము పంపవచ్చును? ఒక్కొక్క కుటుంబమునకు వేరువేరుగా చెప్పుచు వచ్చిన మాటలను ఈ నెల ధ్యానముగా వ్రాయుచున్నాము. ఇది లోకసంబంధమైన సంగతి గదా, సంఘపత్రికలో ఎందుకని కొందరు తలంచవచ్చును. పదునెనిమిదేండ్ల బిడ్డ ఎక్కడ నివసించవలెను, ఎవరితో భుజించవలెను అనునది ఆత్మసంబంధము కాని సంగతియని మేము ఒప్పుకొనలేము.

అబ్రాము కాపరులకును లోతు కాపరులకును కలహము పుట్టినప్పుడు, ముందుగా కోరుకొను అవకాశము లోతునకు దొరికెను. అతడు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచెను. నీళ్లు సమృద్ధిగా ఉన్న దేశమది. అతడు చూచినది అబద్ధము కాదు, నీళ్లు నిజముగానే ఉండెను. అయితే ఆ నీళ్ల ప్రక్కన ఎట్టి మనుష్యులు కాపురముండిరో అతడు విచారింపలేదు. తనను పెంచిన పినతండ్రితో ఆలోచన చేసినట్లును వాక్యములో కనబడదు. ఎత్తైన చోట నిలిచి మైదానమును చూచుట అనగా ఏమో మన ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. సుంకి ఘాటీ దిగి వచ్చువారికి క్రింద కనబడునదంతయు పచ్చగానే తోచును.

నేటి కాలేజీలును అట్లే కన్నులకు కనబడుచున్నవి. నాలుగంతస్తుల మేడ, రంగుల బస్సు, కరపత్రము మీద విమానము బొమ్మ. సాలూరు లారీల ఊరు గనుక మీకు తెలిసిన మాటతోనే చెప్పెదము. పాత లారీ కొనువాడు రంగు చూచి డబ్బు ఇచ్చునా? ఇంజను చప్పుడు వినును, చాసిస్ క్రిందికి దూరి చూచును, పర్మిటు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కాగితములు తెప్పించుకొనును, ఆ బండి నడిపిన డ్రైవరును అడుగును. లారీ కొనుటకు ఇంత జాగ్రత్తపడు మనము బిడ్డ మూడు నాలుగు సంవత్సరముల జీవితమును ఒక కరపత్రము చూచి అప్పగించుట తగునా?

కాబట్టి కాగితములు అడుగుడి. ఆ కాలేజి ఏ విశ్వవిద్యాలయమునకు చేరినది? ఇంజనీరింగైన యెడల ఏఐసీటీఈ అనుమతి ఈ సంవత్సరమునకు ఉన్నదా? నర్సింగైన యెడల నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఉన్నదా? నకిలీ విశ్వవిద్యాలయముల పేర్లను యూజీసీ ప్రకటించుచునే ఉన్నది. ఇక డ్రైవరును అడుగుట అనగా అక్కడ రెండవ సంవత్సరము చదువుచున్న పిల్లను అడుగుట. లెక్చరరు నిజముగా వచ్చుచున్నాడా, ప్రయోగశాల తాళము తీయుచున్నారా, మీతో చేరినవారిలో ఎందరు మిగిలిరి అని అడిగిన యెడల, మేడ చెప్పని సంగతులను ఆ పిల్ల చెప్పును.

డిగ్రీ కాలేజీలలో సీట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇచ్చుచున్నారు. ఏ కాలేజి పేరు మొదట పెట్టవలెనో నెట్ సెంటరు అబ్బాయి నిర్ణయింపరాదు. ఇంటిలో ప్రార్థించి, కాగితము మీద వరుసగా వ్రాసికొని, అప్పుడు వెళ్లుడి. ఫోను నంబరు మీదే ఇయ్యవలెను. ఏజెంటు నంబరు ఇచ్చిన యెడల ఓటీపీ అతనికి పోవును, ఓటీపీతో పాటు మీ బిడ్డ సీటును అతని చేతికి పోవును.

ఏజెంట్లను గూర్చి ఇంకొక మాట. పైసా కట్టనక్కరలేదు, అంతయు స్కాలర్‌షిప్‌లో పోవునని చెప్పి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పుచ్చుకొని పోవువారు పల్లెలకు వచ్చుచున్నారు. ప్రభుత్వపు ఫీజు సొమ్ము ఆలస్యమైనప్పుడు కాలేజీవారు పిల్లలనే అడుగుట కలదు. చదువు మానుదమన్నను సర్టిఫికెట్లు తిరిగి రాక ఏడ్చిన తల్లులు ఉన్నారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమయొద్ద ఉంచుకొనరాదనియు, పరిశీలించి వెంటనే తిరిగి ఇయ్యవలెననియు యూజీసీ 2018లో ప్రకటించెను. ఈ మాట చదువురాని తండ్రియు ధైర్యముగా చెప్పవచ్చును. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను. ఫీజు మాత్రమే లెక్క కాదు. హాస్టలు, పుస్తకములు, పండుగకు ఇంటికి వచ్చుటకు బస్సు చార్జి, ఇవన్నియు గోపురపు రాళ్లే.

దూరమే గొప్ప అను భ్రమ యొకటి కలదు. 1882లో జర్మనీ దేశపు బ్రెక్లుమ్ నుండి మిషనెరీలు ఈ ప్రాంతమునకు వచ్చిన కాలములో కాలేజి చదువనగా దూరప్రయాణమే. విజయనగరపు మహారాజా కాలేజి 1879 నాటిది, బందరు నోబుల్ గారి పాఠశాల 1843లోను, గుంటూరు లూథరను కాలేజి 1885లోను మొదలైనవి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 నాటి పుట్టుక. నేడు సాలూరులోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజి ఉన్నది, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము 2019 నుండి విజయనగరములో నడచుచున్నది. ఇంటియొద్ద నుండి వెళ్లి బాగుగా చదువగల బిడ్డను, ఇరుగుపొరుగు మెప్పుకొరకు అప్పుచేసి పట్టణమునకు పంపనక్కరలేదు. దగ్గరలో లేని కోర్సు కోరిన బిడ్డను మాత్రము ఆపకుడి. ఆడపిల్ల అను కారణముతో అసలే ఆపకుడి.

దరఖాస్తులో కులము గడి యొకటి ఉన్నది. అక్కడ మన సంఘస్థులు చాలమంది చెయ్యి ఆగి నిలుచున్నారు. జాతాపు, సవర, కొండదొర, గదబ మొదలగు తెగలవారికి క్రీస్తును అంగీకరించుటవలన ఎస్టీ హోదా పోదు, చట్టములో మతము ఆ హోదాకు అడ్డు కాదు. కనుక భయపడి విశ్వాసమును దాచనక్కరలేదు. మాల, మాదిగ కుటుంబములనుండి వచ్చిన క్రైస్తవుల సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారిని ఎస్సీలుగా ఎంచదు, మన రాష్ట్రములో వారు బీసీ ‘సి’ క్రిందికి వత్తురు, దానికి ఒక శాతమే రిజర్వేషను. ఇది న్యాయమా అని అడుగువారితో మేమును దుఃఖించుచున్నాము, ఆ ఉత్తర్వు మారవలెనని సంఘములు ఎంతో కాలముగా అడుగుచునే ఉన్నవి. అయినను ఆదివారము ఒక పేరు, దరఖాస్తులో ఒక పేరు పెట్టుకొమ్మని మేము సలహా ఇయ్యలేము. అట్లు పొందిన సీటు ఏ దినమున పోవునో తెలియదు. అంతకంటె, పదునెనిమిదేండ్ల బిడ్డ తన తండ్రి చేతినుండి నేర్చుకొను మొదటి కాలేజి పాఠము అదే యగును.

ఇప్పుడు దానియేలు యొద్దకు వత్తము. అతడును కాలేజికి వెళ్లినవాడే, తాను కోరుకొనలేదు, చెరగా తేబడెను. కోర్సు మూడు సంవత్సరములు, హాస్టలు భోజనము రాజుగారిది, బోధన కల్దీయుల భాషలో. మన పిల్లలలో కొందరికి ఇంటిలో కువి, సవర, బడిలో తెలుగు, ఇప్పుడు కాలేజిలో ఇంగ్లీషు. ఈ అధ్యాయము వారికి ఎవరును వివరింపనక్కరలేకుండ అర్థమగును. దానియేలు ఆ పరభాషను ద్వేషింపలేదు, చివరకు అందులోనే పదియంతలు శ్రేష్ఠుడని రాజు ఎంచెను. మొదటి మూడు నెలలు లెక్చరు అర్థము కాకపోవుట బుద్ధిహీనత కాదని మా మాటగా మీ బిడ్డకు చెప్పుడి. దసరాకు ఇంటికి వచ్చి మరల వెళ్లని పిల్లలలో అనేకులు పాఠము కష్టమై కాదు, కష్టమని చెప్పుకొనుటకు మనిషి దొరకకయే ఆగిపోవుచున్నారు.

వారు అతని పేరు మార్చి బెల్తెషాజరు అనిరి. అతడు దానికొరకు పోట్లాడినట్లు వ్రాయబడలేదు. అన్నిటికిని అడ్డము నిలువక, ఒక్క చోట మాత్రము హృదయములో గీత గీచికొనెను. ఆ గీత ఎక్కడ గీయవలెనో బబులోనుకు వెళ్లకముందే అతనికి తెలిసియుండవలెనని మాకు తోచుచున్నది. త్రాగుడు, పరీక్షలో చీటీలు, ఫోనులో పందెపు ఆటలు, అప్పు ఇచ్చు యాప్‌లు, ఇవి హాస్టలులో ఏదో యొక రాత్రి ఎదురుపడును. ఆ రాత్రి ఆలోచించుకొందమన్నవాడు ఆలస్యమైనవాడు.

దానియేలు మొరటుగా ఎదిరింపక, అధికారియొద్దకు పోయి మర్యాదగా మనవి చేసెను, పది దినములు పరీక్షించి చూడుమనెను. మన కొండ పిల్లలు సిగ్గరులు. వార్డెనును, ప్రిన్సిపాలును అడుగుటకు వెనుకాడుదురు. అడుగుట అవిధేయత కాదు. యాసను, తెగను, నల్లని ముఖమును ఎగతాళి చేసి హింసించువారు దొరికినప్పుడు సహించి ఊరకుండుట సిలువ మోయుట కాదు. ర్యాగింగు 1997 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నేరము, ఫిర్యాదుకు 1800-180-5522 అను ఉచిత నంబరు ఉన్నది. బిడ్డ నోటుబుక్కు మొదటి పుటలో వ్రాసి పంపుడి.

ఇంకొక సంగతి చదువరులు తరచుగా దాటిపోవుదురు. దానియేలు ఒంటరిగా లేడు. హనన్యా, మిషాయేలు, అజర్యా అతనితో ఉండిరి, నలుగురును ఒకే బల్లయొద్ద శాకధాన్యములు తినిరి. తరువాతి కాలమున, వృద్ధాప్యములో, సింహముల గుహకు వెళ్లకముందు దినమునకు ముమ్మారు కిటికీ తెరచి ప్రార్థించెనని ఆరవ అధ్యాయములో చదువుచున్నాము. అది ఆ దినమున పుట్టిన అలవాటు కాదు, ముందునుండి చేయుచున్నట్లే అని స్పష్టముగా వ్రాయబడెను. అలవాటునకు మొదటి నెల మంచి కాలము. మొదటి ఆదివారమే ఆ పట్టణములో ఒక సంఘమును వెదకుకొనవలెను. నాలుగవ ఆదివారము నాటికి ఆ సమయమునకు వేరొక పని అలవాటైపోవును.

ఇందులో మన సంఘము చేయవలసినది ఉన్నది. కాలేజికి వెళ్లు ప్రతి బిడ్డ పేరు, కాలేజి పేరు, హాస్టలు చిరునామా ఒక కాగితము మీద వ్రాసి సంఘపెద్దలకు ఇయ్యుడి. సంఘకాపరి ఆ పట్టణపు కాపరికి పరిచయ పత్రిక వ్రాసి బిడ్డ చేతికి ఇయ్యగలరు, అడుగుటయే తక్కువ. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు సొమ్ములో కొంత తీసి, దూరము వెళ్లు పిల్లలకు దసరా సెలవులకు వచ్చిపోవు బస్సు చార్జీ ఇచ్చిన యెడల మంచిది. వరికోతల కాలములో, చేతులు చాలలేదని బిడ్డను రెండు వారములు ఇంట ఆపుకొనకుడి. హాజరు తగ్గిన యెడల పరీక్షకు కూర్చుండనీయరు. ఆ రెండు వారములకు పొలములో మనిషి కావలసిన కుటుంబములు పెద్దలకు ముందుగా తెలిపిన యెడల, యవ్వనస్థుల కూటమివారు కోతకు వత్తురు.