నలభైకి ఆరు తక్కువ



ఈ వారం వీడియోలో సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగే ప్రశ్నల గురించి చెప్పుకున్నాం కదా. మయుడు సభ కట్టి ఇచ్చాడు, ధర్మరాజు కొత్త సభలో కూర్చున్నాడు, నారదుడు వచ్చి వరసగా ప్రశ్నలు వేస్తాడు. సైనికులకి జీతాలు టైమ్‌కి అందుతున్నాయా? చెరువులు నిండుగా ఉన్నాయా? రైతుల దగ్గర విత్తనాలున్నాయా? ఆ వరసలోనే ఇంకో ప్రశ్న వస్తుంది. చూపు లేనివాళ్లని, మాట రానివాళ్లని, నడవలేనివాళ్లని, నా అన్నవాళ్లు లేనివాళ్లని తండ్రిలా చూసుకుంటున్నావా అని.

వీడియోలో ఆ ప్రశ్న దగ్గర నేను పది సెకన్లు కూడా ఆగలేదు. చదివి ముందుకెళ్లిపోయాను. ఎడిటింగ్‌లో చూసుకుంటే సిగ్గేసింది. ఎందుకంటే ఆ ప్రశ్న నాలుగేళ్లుగా మా ఇంట్లోనే తిరుగుతోంది.

మా చిన్న మావయ్యది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కోనసీమ సంగతి తెలిసిందే, ఇంటి చుట్టూ కొబ్బరే. మావయ్య దింపు పని చేసేవాడు. కాళ్లకి తాడు బంధం వేసుకుని చెట్టెక్కి, గెల నరికి కాయలు దింపడం. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆయన చెట్టు మీద నుంచి "అల్లుడూ, పక్కకి జరగరా" అని అరిచిన అరుపు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. నాలుగేళ్ల కిందట వానాకాలంలో తడి చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. మడమ ఎముక నుజ్జయింది, నడుంలో ఒక పూస దెబ్బతింది. ప్రాణం దక్కింది. ఇప్పుడు నడుస్తాడు, కానీ చెట్టెక్కలేడు, బరువు మోయలేడు, అరగంటకి మించి నిలబడలేడు.

దివ్యాంగుల పింఛనుకి అప్లై చేద్దామన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకి 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. దీనికి సదరం సర్టిఫికెట్ కావాలి, అందులో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. స్లాట్ బుక్ చేసుకుని, క్యాంపు రోజున వెళ్తే డాక్టర్లు పరీక్షించి శాతం వేస్తారు.

క్యాంపుకి ముందు రోజు రాత్రి నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాను. ఇది చెప్పుకోవడానికి బాగోదు, అయినా చెప్తున్నా. "మావయ్యా, రేపు అక్కడ కొంచెం ఎక్కువ చేసి చూపించు. కాస్త ఎక్కువ కుంటు, నొప్పి ఎక్కువుందని చెప్పు" అన్నాను. ప్రతి వారం ధర్మం గురించి వీడియోలు చేసే నేనే అన్నాను.

మావయ్య సరేలేరా అన్నాడు. మర్నాడు డాక్టరు గారు "నడవగలవా?" అంటే "నడుస్తానండి, ఆయ్" అని నిటారుగా నడిచి చూపించాడు. కూర్చుని లేవమంటే పళ్లు బిగించి లేచాడు. 34 శాతం వచ్చింది. నలభైకి ఆరు తక్కువ.

నాకు కోపం వచ్చి, చెప్పినట్టు చెయ్యొచ్చు కదా అని అడిగాను. ఆయన అన్నది ఇది: "ఆయన ముందు కుంటితే, రేపట్నుంచి ఊళ్లో కూడా కుంటాలి కదరా అల్లుడూ."

నా ప్రశ్న ఇక్కడ మొదలైంది. నిజం చెప్పినవాడు, నిజం చెప్పినందుకే నష్టపోయే చోట ధర్మం ఎవరి వైపుంది?

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆ డాక్టరు గారు తప్పేం చెయ్యలేదు. కాలి పరీక్షలో ఏం చూస్తారో తర్వాత గైడ్‌లైన్స్ తీసి చదివాను. కీళ్లు ఎంత వంగుతున్నాయి, కండరాల్లో బలం ఎంత, సమంగా ఉన్న నేల మీద నడవగలడా, మెట్లెక్కగలడా, గొంతుక్కూర్చోగలడా, బాసింపట్టు వేసుకోగలడా. మెట్లెక్కడం ఉంది, చెట్టెక్కడం లేదు. ఆ ఫారం శరీరంలో ఎంత పోయిందని అడుగుతుంది. బతుకులో ఎంత పోయిందని అడగదు.

నాకు ఇదే దెబ్బ తగిలి ఉంటే? ఆ 34 శాతంతో రెండు నెలలు ఇంటి నుంచి పనిచేసి, తర్వాత లిఫ్ట్‌లో ఆఫీసుకి వెళ్లేవాణ్ని. జీతంలో రూపాయి తగ్గదు. మావయ్యకి మాత్రం అదే 34 శాతం అంటే సంపాదన మొత్తం పోవడం. ఒకే అంకె, రెండు వేరు వేరు జీవితాలు.

మన చట్టానికి ఈ తేడా తెలియదా అంటే, బాగా తెలుసు. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. అందులో ఏ అవయవం పోతే ఎంత శాతమో ఒక పట్టిక ఉండేది. ఒక వడ్రంగికి ప్రమాదంలో ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ఇది పాక్షిక వైకల్యమే అని యజమాని వాదించాడు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు దీన్ని. 1975లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఒంటి చేత్తో వడ్రంగం పని జరగదు కాబట్టి, ఆ మనిషికి అది పూర్తి వైకల్యమే అని తేల్చింది. అంటే కోర్టు చేతిని మాత్రమే చూడలేదు, ఆ చెయ్యి చేసే పనిని కూడా చూసింది.

మరి మావయ్య ఆ చట్టం కింద ఎందుకు వెళ్లలేదు? దింపు పనిలో ఈరోజు ఒకరి తోట, రేపు ఇంకొకరిది. పడిన రోజు ఎవరి తోటలో ఉన్నాడో ఆ రైతే ఆసుపత్రికి మోసుకెళ్లాడు, చేతనైనంత ఇచ్చాడు. ఆయన మీద కేసు వెయ్యమంటే మావయ్య వేస్తాడా? కాబట్టి ఆయనకి మిగిలిన దారి పింఛను ఒక్కటే. అక్కడేమో పని గురించి అడిగే గడి లేదు.

మీలో కొందరికి డౌట్ వచ్చి ఉంటుంది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా, లేకపోతే అందరూ వస్తారు కదా అని. నిజమే. మా వైపు అన్నదానం అనగానే డొక్కా సీతమ్మ గారి పేరు చెప్తారు. 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయ దాటి లంకల గన్నవరం వచ్చినవాళ్లకి వేళ కాని వేళలో కూడా వండి పెట్టారు, ఎవరు నువ్వని అడగలేదు. కానీ అన్నం దగ్గర ఒక సౌకర్యం ఉంది. ఆకలి లేనివాడు రెండోసారి వడ్డించుకోడు. డబ్బు అలా కాదు, అవసరం లేనివాడికి కూడా చేదు కాదు. దొంగ సర్టిఫికెట్లతో పింఛన్లు తీసుకున్నవాళ్లు ఉన్నారన్నది కూడా అబద్ధం కాదు. ఖజానాని కాపాడటం కూడా రాజధర్మమే. నారదుడి ప్రశ్నల్లో అదీ ఉంది.

అందుకే కొలత ఉండకూడదని నేను అనట్లేదు. నా ఉద్యోగ భాషలో చెప్తాను. ఏ ఫిల్టర్ పెట్టినా రెండు రకాల తప్పులు జరుగుతాయి. రాకూడనివాడు లోపలికి రావడం ఒకటి, రావాల్సినవాడు బయట ఉండిపోవడం ఇంకొకటి. మొదటి తప్పు లిస్టులో కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. 2025లో మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛన్లు మళ్లీ పరీక్షించారు, ఆగస్టులో 40 శాతం లోపు తేలినవాళ్లకి నోటీసులు వెళ్లాయి, తర్వాత అప్పీలుకి అవకాశం ఇచ్చారు. రెండో తప్పు మాత్రం ఏ లిస్టులోనూ ఉండదు. బయట ఆగిపోయినవాడి పేరు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి, ఆ తప్పుని వెతికే ఆడిట్ కూడా ఉండదు. మనం దొంగని పట్టుకోవడానికి పెట్టే శ్రద్ధలో సగం, మంచివాణ్ని వదిలేయకుండా ఉండటానికి పెట్టం.

తండ్రిలా అన్న మాట బరువు నాకు ఇక్కడ అర్థమైంది. తండ్రి కూడా లెక్కలు వేస్తాడు, పదిమంది పిల్లలుంటే పంచే ఇస్తాడు. కానీ తండ్రికి, గేటు దగ్గర కాపలావాడికి ఒక తేడా ఉంది. కాపలావాడి భయం ఎవరైనా దూరిపోతారేమో అని. తండ్రి భయం ఎవరైనా తినకుండా పడుకున్నారేమో అని.

ఈ బాధ మన ఒక్కళ్లదే కాదు. అమెరికా సోషల్ సెక్యూరిటీలో పాత పని చెయ్యగలడా, చెయ్యలేకపోతే వయసు, చదువు, అనుభవం బట్టి ఇంకే పనైనా చెయ్యగలడా అని అడుగుతారు. ప్రశ్న మనకన్నా మెరుగే. అయినా అక్కడ కూడా తిరస్కరణలు, అప్పీళ్లు, నెలల తరబడి ఎదురుచూపులు ఉన్నాయి. అంటే ఫారంలో ఇంకో గడి చేర్చినంత మాత్రాన సరిపోదు. మొదటి అనుమానం ఎవరి మీద పడుతోంది అన్నదే అసలు సంగతి.

ఇంకో మాట. ఈ విషయం చెప్పినప్పుడు మన భక్తుల్లోనే కొందరు "అది వాళ్ల ప్రారబ్ధం" అంటారు. మావయ్య కూడా అంటాడు, "నా ప్రారబ్ధం రా" అని. ఆయన అన్నప్పుడు ఆ మాట ఆయనకి ధైర్యం. చెట్టు మీద, రైతు మీద, దేవుడి మీద కోపం పెట్టుకోకుండా బతకడానికి పనికొస్తుంది. అదే మాట నేను ఆయన గురించి అంటే, అది నా చెయ్యి నేను వెనక్కి తీసుకోవడం. నారదుడు ధర్మరాజుని వాళ్ల కర్మ ఏమిటని అడగలేదు. నువ్వేం చేస్తున్నావని అడిగాడు. ఎవరి కర్మ సిద్ధాంతం వాళ్లకి వాళ్లు చెప్పుకోవాలి, పక్కవాడి మీద తీర్పుగా వాడకూడదు.

మరి మనలాంటివాళ్లం ఏం చెయ్యగలం? నేను చేసినవి చెప్తాను. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకోవచ్చు, ఆ అప్పీలు రాశాను. ఒకటికి మించి లోపాలుంటే కలిపే ఫార్ములా ఒకటి ఉంది. పెద్ద శాతం a, చిన్నది b అనుకుంటే, a + b(90 − a)/90. మావయ్యకి కొన్నేళ్లుగా ఒక చెవి సరిగా వినపడదు, ఎవరూ పరీక్ష చేయించలేదు. వినికిడి లోపం 10 శాతం తేలినా మొత్తం 40 దాటుతుంది. ఇది ఎక్కువ చేసి చూపించడం కాదు, ఉన్నదాన్ని వదిలేయకుండా చూపించడం. మొదట నేనిచ్చిన సలహాకీ దీనికీ ఉన్న తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఫోన్‌లో అబద్ధం నేర్పే బదులు, సెలవు పెట్టి పక్కన నిలబడి ఉంటే సరిపోయేది.

ఇంకోటి కూడా తెలుసుకోండి. పింఛను నిబంధనల్లో కుటుంబంలో ఎవరైనా ఇన్‌కమ్ ట్యాక్స్ కడితే ఆ ఇంటికి రాదు. మీరు చూసుకుంటారనే నమ్మకంతోనే ప్రభుత్వం అక్కడ తప్పుకుంటోంది. మన జీతం వల్ల ఒకరికి పింఛను ఆగితే, ఆ పింఛను ఇవ్వాల్సింది మనమే. లేకపోతే రెండు తలుపులూ మూసుకున్నట్టే.

అప్పీలు ఇంకా తేలలేదు. ఈలోపు మా అమ్మ వాటాకొచ్చిన కొబ్బరి తోట లెక్కలు మావయ్యే చూస్తున్నాడు. దింపుకి మనుషుల్ని పిలవడం, కాయలు లెక్కపెట్టించడం, రేటు మాట్లాడటం. ఊరికే డబ్బు పంపితే తీసుకోలేదు, ఇది మాత్రం తీసుకుంటున్నాడు. పోయిన నెల ఊరెళ్తే, చెట్టు కింద కుర్చీ వేసుకుని, పైన ఉన్న కుర్రాడికి "ఒరే, ఆ మట్ట పట్టుకోకు, ఎండిపోయింది" అని చెప్తున్నాడు. ఏ ఫారంలోనూ ఆ కళ్లకి శాతం లేదు.

నారదుడి ప్రశ్న రాజుకే అనుకుని ఇన్నాళ్లూ వదిలేశాను. ఓటు వేసి, ట్యాక్స్ కట్టి, ప్రభుత్వం అనేదాన్ని మనమే నిలబెడుతున్నప్పుడు ఆ సభలో కూర్చున్నది మనమే కదా. మీ ఇంట్లో, మీ ఊళ్లో నలభైకి కొంచెం తక్కువగా ఆగిపోయినవాళ్లు ఎవరున్నారో ఈ వారం ఒకసారి ఆలోచించండి. వాళ్లకి ఫోన్ చేసి, క్యాంపుకి నేనూ వస్తానని చెప్పండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. శుభం.