చిత్రలేఖనము - దర్శనము

శ్రవణము, కీర్తనము, స్మరణము మొదలగు భక్తిమార్గములు మనకు సుపరిచితములు. భగవద్రూపమును కన్నులార సేవించుటయు భక్తియే. అయితే చూచుట యనగానేమి? కన్ను తెరచినంత మాత్రమున చూచినట్లగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక ఒక రంగుల పెట్టె వద్ద ఎదురైనది.

ఉద్యోగకాలమంతయు లెక్కలతో గడిపినవాడను. చిత్రకళ పనిలేనివారి పని యని నా తలంపు. నా కుమార్తె బాల్యమున దేవుని బొమ్మలు గీయుచుండగా, చదువు చెడునని గద్దించి ఆమె రంగుల పెట్టెను అటక యెక్కించితిని. ఆమె మారుపలుకలేదు.

పదవీ విరమణానంతరము శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ చిత్రకారుని యింటి అరుగుపై కొంతసేపు కూర్చుండు అవకాశము కలిగినది. కరక్కాయపొడి కలిపిన పాలలో తడిపి ఆరవేసిన నూలు వస్త్రముపై, చింతపుల్లల బొగ్గుతో అతడు శ్రీరామ పట్టాభిషేకమును గీచియుండెను. పాలలోని జిడ్డు రంగును పాకనీయదట. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో చాల దినములు ఊరబెట్టి తీసిన నల్లని కసిమిలో వెదురు కలమును ముంచి రేఖలు దిద్దుచుండెను. పటిక పూయుట, రంగు నీట ఉడికించుట, పారు నీట ఉతుకుట - ఇట్లు పలుమారులు జరిగినగాని పటము సిద్ధము కాదు. రాముని కన్ను దిద్దునపుడు అతడు ఊపిరి బిగబట్టెను. తెలియకయే నేనును బిగబట్టితిని. పనిలేని పని యనుకొన్నది తపస్సని ఆనాడు తోచినది.

ఇంటికి వచ్చి అటకపై పెట్టె దింపించితిని. రంగులు ఎండి బిగిసిపోయినవి. క్రొత్తవి తెచ్చి శ్రీనివాసుని గీయబూనితిని. ఏటేట తిరుమలకు పోవువాడను గదా, పటము చూడవలసిన పనియేమి యనుకొంటిని. పండుగకు వచ్చిన కుమార్తె నా చిత్రమును చూచి, "నాన్నగారూ, చక్రం ఎడమచేతిలో పెట్టారేమిటి?" అని మెల్లగా అడిగినది. నేను నిరుత్తరుడనైతిని. స్వామికి పై కుడిచేత చక్రము, పై ఎడమచేత శంఖము; క్రింది కుడిచేయి వరదహస్తము, క్రింది ఎడమచేయి కటిహస్తము. వరదహస్తము తన పాదములే శరణ్యమని చూపుననియు, కటిహస్తము శరణాగతునకు సంసారసాగరము నడుములోతే యని తెలుపుననియు పెద్దలు చెప్పుదురు. నలువదేండ్లుగా ఆ సన్నిధిలో కోర్కెలు చెప్పుకొంటినే గాని, ఆ చేతులను చూడనేలేదు!

నేర్పులేనివాడు భగవద్రూపమును గీయుట అపచారము కాదా యని కొందరు శంకింపవచ్చును. భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు తెలిపిన అష్టవిధ ప్రతిమలలో శిల, దారువు, లోహములతోపాటు చిత్రరూపమును, మనోమయరూపమును కలవు. అయితే పూజార్హమగు చిత్రమునకు శాస్త్రోక్తమైన లక్షణములు వలయును. నా గీతలు అట్టివి కావు. వానిని పూజామందిరమున ఉంచలేదు. అవి చూచుట నేర్చుకొనుటకు మాత్రమే. అక్షరాభ్యాసమున పసివాని వంకర అక్షరము సరస్వతికి అపచారము కానట్లే ఇదియును. తప్పినచోట అహంకారము తరుగును. దిద్దుకొనుచోట ధ్యానము పెరుగును.

క్రొత్త రంగుల పెట్టెను కుమార్తె చేతికిచ్చి, "ఆనాడు పొరబడితినమ్మా" అంటిని. ఆమె యేమియు అనక, మరియొక కాగితము తీసి చక్రమును కుడిచేత దిద్దినది.

దర్శనము క్షణకాలమే. ఆ క్షణమున స్వామి హస్తమొక్కటియైన నిండుగా చూచి మనసున గీచుకొనుడు. ఇంటిలో పిల్లలు దేవుని బొమ్మ గీయుచున్నచో, ఆ పెట్టెను అటక యెక్కింపకుడు.