జాగారం ఎవరి కోసం?

శక్కర్‌నగర్, బోధన్

చిరంజీవి మనవడికి,

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతా, నెలలో సగం రాత్రులు నాకు ఆఫీసులోనే తెల్లవారుతున్నాయి. మళ్ళీ శివరాత్రి జాగారం ఎందుకు?" అన్నావు. అడగవలసిన ప్రశ్నే. తీరికగా రాస్తున్నాను, తీరికగా చదువు.

రాత్రి మేల్కోవడం నాకూ కొత్త కాదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చక్కెర పాకం కాసేచోట పనిచేసినవాణ్ణి. కోసిన చెరకు ఎక్కువ రోజులు ఆగదు. తీసిన రసం అసలే ఆగదు, పులిసిపోతుంది. అందుకే సీజనంతా రాత్రీ పగలూ షిఫ్టులు నడిచేవి. పాకం పలుకు కట్టే వేళ గాజుపలక మీద చుక్క వేసి, దీపానికి ఎత్తి చూసేవాళ్ళం. అప్పుడు కునుకు పట్టిందా, పలుకు చెడేది. రైతు ఏడాది కష్టమంతా ఇందులో ఉడుకుతున్నదని పెద్దవాళ్ళు మమ్మల్ని హెచ్చరించేవారు. అది పొట్టకూటి మెలకువే అయినా, ఇంకొకరి కష్టానికి కాపలా కాసిన మెలకువ. కాబట్టి నీ నైట్ డ్యూటీని నేను చిన్నచూపు చూడను.

అయినా శివరాత్రి వేరు బిడ్డా.

మాఘ బహుళ చతుర్దశి. తెల్లవారితే అమావాస్య, ఆకాశంలో చంద్రుడి జాడ ఉండదు. నాలుగు జాములు, జాముకొక అభిషేకం, నడిరేయి లింగోద్భవం. ఇవన్నీ నీకు తెలిసినవే. ఇంత చీకటి రాత్రి కూర్చుని మేల్కోవడానికి పెద్దలు చెప్పే కారణాల్లో ఒకటి నా మనసుకు పట్టింది. పాలసముద్రం చిలికితే అమృతం కంటే ముందు హాలాహలం పుట్టింది. అమృతానికి అందరూ ఉన్నారు, విషానికి ఎవరూ లేరు. శివుడు దాన్ని అందుకున్నాడు. మింగితే తన కడుపులోని లోకాలకు చేటు, కక్కితే బయటి లోకాలకు చేటు. గొంతులోనే నిలిపాడు. ఆ రాత్రి ఆయన కన్ను మూయకుండా దేవతలంతా చుట్టూ కూర్చుని తెల్లవార్లూ మేల్కొన్నారని మా నాయనమ్మ చెప్పేది.

నిజామాబాద్‌లో నీలకంఠేశ్వరుడి గుడికి నిన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని పోయాను. ఆ స్వామి వల్లనే ఆ పేటకు కంఠేశ్వర్ అని పేరు వచ్చింది. శివుడికి ఎన్నో పేర్లుండగా అక్కడివాళ్ళ నోట నిలిచింది మాత్రం విషం నిలిపిన కంఠమే. మన బోధన్‌నేమో ఏకచక్రపురమని నమ్ముతాం. ఆశ్రయమిచ్చిన ఇంటికి బకాసురుడి వంతు వస్తే, కుంతి ఆ ఇంటివాళ్ళకు బదులు తన భీముణ్ణి పంపింది. ఇంకొకరి వంతును తన మీద వేసుకున్నవాళ్ళ కథల మధ్య పుట్టి పెరిగాం మనం. వినడం వేరు, పాటించడం వేరు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చలికాలమే నా స్నేహితుడొకాయన చెట్టంత కొడుకును పోగొట్టుకున్నాడు. కర్మకాండ దాకా ఇంటినిండా జనం. ఆ తర్వాత ఎవరూ లేరు. నేనూ పోలేదు. ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకు తిరిగాను. అది నా తప్పు.

2016 మార్చి 7, సోమవారం, శివరాత్రి. ఏకచక్రేశ్వరుడి గుడిలో మూడో జామున ఒక స్తంభానికి ఆనుకుని ఒంటరిగా కూర్చున్న ఆయన కనబడ్డాడు. పోయి పక్కన కూర్చున్నాను. నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. నాలుగో జాములో ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. కొడుకు చిన్నప్పుడు పళ్ళతో చెరకు చీలుస్తూ పెదవి కోసుకున్నది చెప్పాడు. నెత్తురు కారుతున్నా గడ చేతిలోంచి వదలలేదట. చెబుతూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. తెల్లవారేదాకా విన్నాను. పొద్దున ఇద్దరం కందకుర్తికి పోయి, గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోట మునిగాం. గట్టెక్కాక ఆయన అన్నాడు: "ఈ రాత్రి ఒక్కణ్ణే ఉంటే ఏమయ్యేవాణ్ణో."

దేవతలు శివుడి గొంతులో విషం తీసెయ్యలేకపోయారు, చుట్టూ కూర్చోగలిగారు. నేను చేయగలిగిందీ అంతే. అన్నేళ్ళు జాగారం చేశాను గానీ, దాని అర్థం ఆ గట్టు మీద తెలిసింది.

అందుకే చెబుతున్నాను. రాబోయే శివరాత్రికి సెలవు దొరికితే ఒక్కపొద్దుండు. ఒంట్లో బాగులేకపోతే కందగడ్డో పాలో తీసుకో, స్వామి ఏమీ అనుకోడు. కానీ సినిమాల మీద సినిమాలు చూసి తెల్లవార్చి, జాగారం చేశానని చెప్పకు. నీకు తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు గొంతులో విషం పెట్టుకుని తిరుగుతూనే ఉంటారు. ఈమధ్య మాటలు తగ్గించిన మిత్రుడు కావచ్చు. "నాకేం, బాగానే ఉన్నా" అంటూ మోకాళ్ళ నొప్పి దాచుకుంటున్న మీ అమ్మ కావచ్చు. వాళ్ళ దగ్గరికి పో. ఉపాయాలు చెప్పకు, ఓదార్పు మాటలు వెతుక్కోకు. పక్కన కూర్చో. తెల్లవారేదాకా లేవకు.

ఇట్లు,
మీ తాత