ఎంతమంది బిడ్డలతో తీరుతుంది పితృఋణం?

ఎర్రగడ్డ అంటే హైదరాబాదు పాతతరానికి ముందు గుర్తొచ్చేవి రెండు ఆసుపత్రులు: ఒకటి మానసిక చికిత్సాలయం, రెండోది క్షయరోగులు వెళ్లే ఛాతీ ఆసుపత్రి. జనాభా గురించి మాట్లాడేవారు రెండోదాన్ని తప్పక తలచుకోవాలి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనేదాకా క్షయకు గట్టి మందే లేదు. 1911లో సుమారు కోటీ 34 లక్షలున్న హైదరాబాదు సంస్థాన జనాభా 1921 నాటికి కోటీ 25 లక్షలకు పడిపోయింది. కరువూ, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అంత పని చేశాయి. ఆరుగురిని కన్నా ఎందరు దక్కుతారో తెలియని ఆ రోజుల్లో నిండు సంతానం కోరడం వెనక ఉన్నది ఆశకన్నా భయమే. మందులూ టీకాలూ వచ్చాక ముందు చావులు తగ్గాయి. కాన్పులు తగ్గడానికి మరో తరం పట్టింది. జనాభా పొంగింది ఆ నడిమి కాలంలోనే.

ఇప్పుడు ఒక్కరితోనో ఇద్దరితోనో ఆపేస్తుంటే వంశం ఏమవుతుంది, పితృఋణం ఎలా తీరుతుంది అని పెద్దలు నొచ్చుకుంటున్నారు. ఆ బాధ నిజమైనది, కొట్టిపారేయకూడదు. అయితే ఈ ఋణం గురించి చెప్పే భారతకథనే చూడండి. గోతిలో తలకిందులుగా వేలాడే పితరులను చూసి జరత్కారువు పెళ్లికి ఒప్పుకున్నాడు. వారిని ఉద్ధరించడానికి కొడుకు ఆస్తీకుడు ఒక్కడు సరిపోయాడు. సర్పయాగాన్ని ఆపి మేనమామలైన నాగుల కులాన్నీ కాపాడాడు. భార్య కడుపుతో ఉండగానే జరత్కారువు వెళ్లిపోయాడన్నది మనం అంతగా పట్టించుకోని సంగతి. ఋణం భర్తది, బిడ్డను పెంచింది తల్లీ ఆమె పుట్టింటివారూ. ఇక సంతానమే లేని భీష్ముడికి మాఘమాసంలో ఏ గోత్రంవారైనా తర్పణం విడుస్తారు. సంప్రదాయం సంఖ్యను అడగలేదనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చదువులు పెరిగి ఆడవాళ్లు స్వార్థపరులయ్యారనే అభియోగమూ నిలవదు. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు మూడోవంతే. అయినా 1992-93 నాటికే సగటున ఒక స్త్రీకి పుట్టే బిడ్డలు 2.6, 2019-20లో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. బడి ముఖం చూడని తల్లులు కూడా, పుట్టిన బిడ్డ బతుకుతుందని నమ్మకం కుదిరాక, ఆ ఇద్దరినైనా బాగా చదివించాలనుకున్నారు. అందుకు మూల్యం చెల్లించిందీ వాళ్లే: ఆంధ్రలో వివాహితల్లో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు, మగవాళ్లలో అది ఒక శాతం కూడా లేదు. ఏదో ఒక మతానికే ఈ మార్పు పరిమితమనుకోవడమూ పొరపాటే. దేశంలో ముస్లిం స్త్రీల సగటు కూడా అదే మూడు దశాబ్దాల్లో 4.4 నుంచి 2.4కు దిగింది.

ముసలివాళ్లు పెరిగి పనిచేసేవాళ్లు తగ్గుతారన్నది బలమైన అభ్యంతరమే. కానీ 1994 చట్టంతో ఇద్దరికి మించి కన్నవారిని పంచాయతీ పోటీకి అనర్హులను చేసిన ఆంధ్రప్రదేశే, ఈ భయంతోనే 2024లో ఆ నిబంధన ఎత్తేసి ఇంకా కనమంటోంది. రెండుసార్లూ తల్లి గర్భాన్ని రాజ్యం తన అవసరానికి లెక్కగట్టింది. ఎన్నో ప్రోత్సాహకాలిచ్చిన దక్షిణ కొరియాలో 2023లో ఒక స్త్రీకి పుట్టే బిడ్డల సగటు 0.72. వృద్ధులకు పింఛను, దగ్గర్లో వైద్యం, పసిబిడ్డ పెంపకంలో తండ్రికి సగం వాటా: ముందు వీటికి పూచీపడకుండా మరో బిడ్డను కనమని ఏ తల్లినీ అడిగే హక్కు వంశానికీ లేదు, ప్రభుత్వానికీ లేదు.