బుడగల లెక్క

మా గార్లదిన్నెలో నీళ్లు కాచే గిన్నె అడుగు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. బోరునీళ్ల మహిమ! బూడిదకీ పీచుకీ లొంగని ఆ పొరని అమ్మ చింతపండు గుజ్జు రాసి వదలగొట్టేది. పులుపు తగలగానే బుసబుసమంటూ సన్నటి నురగ లేచేది. "సూడమ్మీ, సున్నం ఏడుస్తాంది" అనేది అమ్మ. ఆ ఏడుపు ఏమిటో నాకు నలభై దాటాక, అదీ అమెరికాలో, మా తమ్ముడింటి హాల్లో తెలిసింది.

తమ్ముడు ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. హాల్లో గోడ పొడుగునా గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో ప్రాణమున్న పగడాలు! పగడమంటే మనకి తెలిసింది ఉంగరంలో ఎర్రరాయి. ఇవి అవి కావు. కొమ్మలు కొమ్మలుగా, ఊదారంగువీ లేతాకుపచ్చవీ, రాతిలో ఇల్లు కట్టుకుని బతికే జీవులు. మన దేశంలో రాతిపగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఇక్కడ పెంచుకుంటామంటే కుదరదు. అక్కడ చిన్న కొమ్మ విరిచి అతికించి, తోటలో గులాబీ అంట్లలా పెంచి అమ్ముతారు.

చూడగానే నాకు ముచ్చట వెయ్యలేదు, కోపం వచ్చింది. ఆ తొట్టికి కుళాయినీళ్లు పనికిరావట. యంత్రంలో శుద్ధిచేసి, పొట్లాల ఉప్పు కలపాలి. ఒక బిందె శుద్ధమైన నీటికి రెండు మూడు బిందెలు కాలవ పాలు! ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు ఉండే జిల్లా మాది. పక్కనే పెన్నమీద పెనకచెర్ల డ్యాము ఉన్నా, బిందె చంకనపెట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూడని ఆడదాన్ని నా చిన్నప్పుడు నేను చూడలేదు.

"నేనిక్కడ మానేస్తే ఆ నీళ్లు గార్లదిన్నె చేరతాయా అక్కా?" అన్నాడు తమ్ముడు. చేరవు. అయినా అది జవాబు కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. సరే, ఆ గొడవ పక్కన పెడతాను. నేను చెప్పబోయేది నా తప్పు సంగతి.

పగడాలు పెరగాలంటే నీళ్లలో కాల్షియం కావాలి, దాంతోపాటు క్షారం కావాలి. సముద్రంలో వాటికి లోటుండదు. తొట్టిలో అవి తిన్నకొద్దీ తరిగిపోతాయి. ఆ లోటు తీర్చడానికి తొట్టి కింద బీరువాలో ఒక గొట్టం ఉంది. దాన్నిండా చచ్చిపోయిన పగడాల ముక్కలు. సిలిండరులోంచి బొగ్గుపులుసు గాలి బొట్టుబొట్టుగా అందులోకి వదులుతారు. గొట్టంలో నీళ్లు పుల్లబడతాయి. తొట్టిలో ఎనిమిదీ చిల్లర ఉండే పీహెచ్ అక్కడ ఆరున్నర దాకా దిగుతుంది. ఆ పులుపుకి చచ్చిన పగడం కరిగి, చుక్కచుక్కగా బతికున్న పగడాలకి ఆహారమవుతుంది. బి.ఏ. చదువుకున్న నాకు రసాయనశాస్త్రం పట్టుబడదు గానీ, ఇది తేలిగ్గానే అర్థమైంది. ఇది అమ్మ చింతపండే! అమ్మ వదిలించుకోవడానికి తంటాలు పడిన సున్నం కోసం వీళ్లు ఇంత యంత్రం పెట్టుకున్నారు.

దాని కాపలా అంతా మా మరదలిది. నిమిషానికి ఎన్ని బుడగలు, ఎన్ని చుక్కలు అని గడియారం చూసి లెక్కపెడుతుంది. సీసాలో నీళ్లు తీసి సిరంజితో మందు వేస్తూ, నీలం పోయి గులాబీరంగు ఎప్పుడు తిరుగుతుందో చూసి క్షారం కొలుస్తుంది. డీకేహెచ్ అని జర్మనీవాళ్ల కొలత. ఎనిమిదిన్నర దగ్గర నిలబెట్టాలట. పెంచినా తగ్గించినా రోజుకి ఒక్క డిగ్రీ దాటకూడదట. "మర కొంచెం తిప్పి ఒకటి రెండు రోజులు ఆగాలి వదినా. తొందరపడితే చెడుతుంది" అంది. కాపరం గురించి కూడా ఎవరో ఒకరు ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది!

వాళ్లిద్దరూ నాలుగు రోజులు ఊరెళ్లారు. చేపలకి మేత వెయ్యమన్నారు, మర ముట్టుకోవద్దన్నారు. రెండోరోజు లెక్కపెడితే ముప్ఫై ఉండాల్సిన బుడగలు ఇరవైనాలుగే వచ్చాయి. అయ్యో, పస్తుంటాయి కాబోలు అనుకున్నాను. ఇంటికొచ్చినవాళ్లకి రెండో మారు అన్నం వడ్డించకపోతే చెయ్యి ఊరుకోని సంతతి కదా మనది. కాస్త తిప్పాను. ఆ మర ఎంత సున్నితమంటే, కాస్త అనుకున్నది రెట్టింపయింది. బుడగలు గొలుసుకట్టుగా వస్తుంటే చూసి సంతోషపడ్డాను కూడా.

వాళ్లు తిరిగొచ్చేసరికి క్షారం పదకొండు దాటింది. ఊదా కొమ్మల కొసలు కాలినట్టు తెల్లబడ్డాయి.

"వెళ్లేముందు మర నువ్వు తిప్పావా?" అన్నాడు తమ్ముడు, భార్యతో.

"లేదే... ఏమో, తుడుస్తుంటే చెయ్యి తగిలిందేమో" అంది ఆ పిల్ల.

నేను అక్కడే ఉన్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. చూశారా, ఎంత చక్కటి అడ్డుగోడో! అడగని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుంది? పైగా నేను చేసింది మంచికే కదా? నా నవలల్లో ఇలా వాదించే ఆడబిడ్డల్ని ఎంతమందిని ఉతికి ఆరేశానో! ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా?

ఇంట్లో ఇంత చిన్న పొరపాటుకి నా మనసు ఇన్ని వేషాలు వేస్తే, పెద్దవాటి సంగతి ఏం చెప్పను! మనం పొయ్యిల్లోనూ బళ్లల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మండించే బొగ్గూ నూనె వదిలే వాయువు కూడా ఆ సిలిండరులోదే. అందులో కొంత సముద్రం పీల్చుకుంటుంది. యంత్రాలయుగం మొదలయ్యాక సముద్రం పైనీళ్ల పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. ఒక్క చుక్క తేడానే కదా అనిపిస్తుంది గానీ, ఆ లెక్కలో పులుపు పావువంతుకి పైగా పెరిగినట్టు. వేడి వేరే! పగడాలు ప్రపంచమంతటా తెల్లబడుతున్నాయని, ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. అక్కడా మర తిప్పినవాళ్లం ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాం.

మూడోరోజు రాత్రి మంచినీళ్ల కోసం లేచాను. మరదలు బీరువా ముందు నేలమీద కూర్చుని టార్చి వేసి బుడగలు లెక్కపెడుతోంది. ఆ రోజుకి అది నాలుగోసారి. పెదవులు కదులుతున్నాయి. అయిపోయాక కాగితంమీద రాసి, నమ్మకం లేక మళ్లీ మొదలుపెట్టింది. తెల్లబడింది పగడం కొసలు మాత్రమే కాదని అప్పుడు తెలిసింది నాకు.

పక్కన కూర్చుని చెప్పేశాను. పరవాలేదు వదినా అంటుందని ఎక్కడో ఆశ ఉంది నాకు. అనలేదు.

"పగడం పోతే పోయింది. మూడు రోజులు నా చెయ్యి నాకే దొంగచెయ్యిలా కనిపించింది వదినా" అంది. లేచి వెళ్లి పడుకుంది.

పొద్దున నేనే తమ్ముడికీ చెప్పాను. వాడు నవ్వేశాడు. "నువ్వా అక్కా! అదా సంగతి" అన్నాడు. ఆ నవ్వు చూసి మరదలు ఇంకా చిన్నబుచ్చుకుంది. తను చేసిందనుకున్నప్పుడు వాడు నవ్వలేదు మరి!

ఆ రోజంతా నాతో ముక్తసరిగానే ఉంది. సాయంత్రం మాత్రం సీసా, సిరంజి తెచ్చి నా ముందు పెట్టింది. "మీరు కొలవండి, నేను రాస్తాను."

చేతులు వణికాయి. ఒక్కొక్క చుక్కా వేసి కలిపాను. నీలం, నీలం, ఇంకా నీలం... గులాబీ తిరిగింది.

"తొమ్మిదీ ఆరు" అన్నాను.

వంగి సిరంజి గీత తను కూడా చూసుకుంది. అప్పుడు రాసింది.