వెన్నుతట్టిన గాలి

ధనుర్మాసము. ఒక గృహస్థు తిరుప్పావై సేవాకాలము అందుకొనవలెనని తెల్లవారుజామున మూడు గంటలకే తెనాలిలో సైకిలెక్కి, బాపట్ల వైపునున్న పొన్నూరునకు బయలుదేరెను. డొంకదారి, కాలువగట్టున తాటిచెట్లు హోరుమనుచుండెను. అయినను చక్రములు తేలికగా పరుగిడెను. వయస్సు పైబడినను కాళ్ల సత్తువ తగ్గలేదు గదా యని అతడు లోలోన మురిసికొనెను.

సాక్షి భావనారాయణస్వామిని సేవించి, తీర్థప్రసాదములు స్వీకరించి ఇంటిముఖము పట్టగానే ఆ సత్తువ ఏమయ్యెనో! వరికుప్పల మీదుగా, మినుము మొలకెత్తిన మాగాణుల మీదుగా గాలి ముఖమున కొట్టెను. పంచె గొలుసులో చిక్కెను. సైకిలు తొక్కినవారికి ఈ అవస్థ వర్ణింపనక్కరలేదు.

ఈ ఋతువున గాలి ఈశాన్యమునుండి వీచును. పొన్నూరు తెనాలికి దక్షిణమున, కొంత నైరుతికి ఒదిగియున్నది. పోవునపుడు అతనిని త్రోసినది ఆ గాలియే. పావనము చేయువానిలో వాయువును తానేయని గీత 10వ అధ్యాయమున భగవానుడు చెప్పెను. ఎదురైనపుడు ఆ వాయువును నిందింతుము. వెన్నుతట్టినపుడు దానిని మన బలమందుము.

భక్తునికై సాక్ష్యము చెప్పుటకు స్వామి కాశినుండి పొన్నూరునకు వచ్చెనని స్థలపురాణము. ఆ వేకువను చక్రము ఎవరి బలమున తిరిగెనో ఆ సాక్షికి తెలియకుండునా?

గృహస్థు సైకిలు దిగెను. హ్యాండిలు పట్టి నడుచుచు, వచ్చునపుడు గర్వమున మరచిన పాశురమును మొదటినుండి అందుకొనెను.